గునుగుకు గుప్పెడు చోటు

రెండేళ్ల కిందట వానాకాలంలో మా డాబా మీద కాకర పాదు పెట్టాను. పాదు బాగానే ఎక్కింది. పందిరి నిండా పసుప్పచ్చని పూలు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పైకి వెళ్లడం, పూలు లెక్కపెట్టుకోవడం, ఈ వారం పులుసు పెట్టాలా, కారం కూరి వేయించాలా అని ఆలోచించుకోవడం ఒక సంబరం. మగపూలు పోను, అడుగున వేలెడంత పిందె ఉన్న ఆడపూలు రోజుకు రెండో మూడో విచ్చుకునేవి. మూడో నాటికల్లా ఆ పిందె పసుపుబారి, ముట్టుకుంటే చేతిలోకి వచ్చేసేది. అలా నెల రోజులు గడిచాయి. కోసిన కాయలు నాలుగంటే నాలుగు. ఇంట్లో మనుషులమూ నలుగురమే, అదొక్కటే కలిసొచ్చింది!

మందుల కొట్టుకి వెళ్లి చెప్తే 'పిందె నిలబడే మందు' అని ఒక సీసా చేతిలో పెట్టాడు. కొట్టాను. అయిదో కాయ రాలేదు.

ఆకుకూరలు తెచ్చే ఆమె ఊరి శివారు నుంచి ఇరవై ఏళ్లుగా మా వీధికి వస్తోంది. ఒకరోజు గంప దింపి, నీళ్లు తాగి, నా గోడు విని డాబా మీదికి వచ్చింది. చుట్టూ ఒకసారి చూసింది. "తేనెటీగ రాందే పిందె ఎట్ల నిలుస్తదమ్మా? ఈడ ఒక్క గునుగు లేదు, తుమ్మి లేదు. అన్నీ ఆకులే పెట్టినవ్. తిననీకె ఏముందని వస్తది అది?" అంది.

నిజమే. నా డాబా మీద క్రోటన్లున్నాయి, మనీప్లాంట్లున్నాయి, ఫెర్నులున్నాయి. పూలంటే ముద్దమందారం, అంటుగులాబి, ముద్దబంతి. మనకి చూడ్డానికి నిండుగా ఉంటాయి కానీ ముద్దపూలతో వచ్చిన చిక్కేమిటంటే, పుప్పొడి ఉండాల్సిన చోట కూడా రేకులే వస్తాయి. తేనెటీగ వాలితే దానికి దక్కేది తక్కువ. పెళ్లింటికి భోజనానికి వెళితే గుమ్మం నిండా తోరణాలు కట్టి లోపల పొయ్యి రాజేయనట్టు!

మనలో చాలామందికి చిన్నప్పుడు బళ్లో చదివిన పాఠం గుర్తుండే ఉంటుంది. కాకర, దోస, గుమ్మడి, సొర, బీర, పొట్ల... ఈ తీగజాతిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వుకి చేరాలి. గాలికి ఎగిరే పుప్పొడి కాదది, జిగురుగా ఉంటుంది. ఎవరో ఒకరు మోసుకెళ్లాలి. కాకర పువ్వూ గుమ్మడి పువ్వూ తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఆ కాసేపట్లో తేనెటీగ రాలేదా, ఆ పిందె కథ అంతే. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి వాటికి చీకటి పడ్డాక తిరిగే రెక్కల పురుగులు కూడా చుట్టాలే. వంకాయ, టమాటలది ఇంకో తీరు. వాటి పూలలో పుప్పొడి సన్నటి గొట్టాల్లో దాక్కుని ఉంటుంది. తుమ్మెద వచ్చి పువ్వుని పట్టుకుని ఝుమ్మని ఒళ్లు అదిలిస్తే, ఉప్పుడబ్బా దులిపినట్టు రాలుతుంది. మన తంగేడు పువ్వుదీ అదే పద్ధతి. అందులో తేనె ఉండదు, పుప్పొడే. మామూలు తేనెటీగలకి ఆ విద్య రాదు, తుమ్మెదలకి వచ్చు. తుమ్మెద ఝుంకారం అని కవులు మురిసిపోయారు కానీ, దాని వెనక మన వంకాయ కూర ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇది మన పెరటి గొడవే కాదు. ఐక్యరాజ్యసమితి చొరవతో ఏర్పడిన శాస్త్రవేత్తల బృందం ఒకటి 2016లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ముఖ్యమైన ఆహార పంటల రకాల్లో నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత ఈ ఈగల మీద, పురుగుల మీద, పక్షుల మీద ఆధారపడినవే. వరి, గోధుమ, జొన్నలకి గాలి చాలు, పొట్ట నిండుతుంది. కానీ కూరలు, పళ్లు, నూనె గింజలు కూడా లేనిదే పళ్లెం నిండదు కదా.

సరే, తేనెటీగలు రావాలంటే ఏం చేయాలి? నాలుగు కాకర పూల కోసం ఏ తేనెటీగా మూడంతస్తులు ఎక్కి రాదు. కాకర పూయకముందూ, పూత అయిపోయాకా కూడా అక్కడ దానికి తిండి దొరకాలి. అప్పుడే ఆ దారి దానికి అలవాటవుతుంది. అందుకు మనకి నర్సరీ మొక్కలు అక్కర్లేదు. మన నేలలో వానతో పాటు పుట్టి, పూసి, విత్తనం రాల్చి, ఏడాది తిరక్కుండా కనుమరుగయ్యే మొక్కలు చాలు. వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది గునుగు.

తెలంగాణ ఆడపడుచులకి గునుగు గురించి నేను చెప్పడం తాతకి దగ్గులు నేర్పినట్టే. బతుకమ్మలో తంగేడు తర్వాత పెద్దపీట దానిదే. కొన్ని చోట్ల దాన్నే గురుగు అంటారు. కోస్తాలో చేలగట్ల మీద చూసి కూడా పేరు పట్టించుకోనివాళ్లు ఉంటారు. సన్నగా నిటారుగా, నడుమెత్తు దాకా పెరిగే మొక్క. కొసన దీపపు వత్తిలాంటి వెన్ను, అడుగున వెండి తెలుపు, చివర గులాబి రంగు. కోడిజుట్టు పువ్వు అని పెరట్లో పెంచుకుంటామే ముఖమల్ గుడ్డలాంటిది, అది కూడా ఈ గునుగు వంశమే. శాస్త్రంలో గునుగు పేరు సిలోసియా అర్జెన్షియా. రెండో మాటకి వెండిలాంటిది అని అర్థం. తోటకూర కుటుంబం. అందుకే లేత ఆకులు కూర వండుకుంటారు. ఒకసారి ఉడికించి నీళ్లు వార్చి పప్పులో వేస్తే బాగుంటుంది. నైజీరియాలో యోరుబా వాళ్లు దీన్ని సోకో అంటారు, మనం పాలకూర మళ్లు వేసినట్టు మళ్లు కట్టి పెంచుతారు. ఇక్కడ మనం పీకి పారేసేది అక్కడ బజారులో కట్టలు కట్టి అమ్ముతారన్నమాట.

గునుగు వెన్నుని దగ్గరగా ఎప్పుడైనా చూశారా? అది ఒక పువ్వు కాదు. కాగితంలా గలగలలాడే చిట్టి పూలు వందల కొద్దీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఉంటాయి. బతుకమ్మని మనం పేర్చినట్టే! అవి ఒక్కసారిగా విచ్చుకోవు. అడుగు నుంచి మొదలై రోజుకు కొన్ని చొప్పున పైకి ఎక్కుతాయి. అంటే ఒక్క వెన్ను వారాల తరబడి తేనెటీగకి అన్నం పెడుతుంది. గులాబిలా నాలుగు రోజుల ముచ్చట కాదు. మా డాబా మీద వెన్నులు వచ్చిన వారానికి చిన్న తేనెటీగలు మొదలయ్యాయి. తర్వాత గోరంత నీలి సీతాకోకచిలుకలు. ఒక నల్ల తుమ్మెద మాత్రం గునుగుని కన్నెత్తి చూడలేదు, తిన్నగా వంగ మొక్క దగ్గరికి పోయింది. దాని రుచి దానిది.

పెంచడం గురించి రెండు మాటలు. గునుగు విత్తనం ఆవగింజ కన్నా చిన్నది, నల్లగా నిగనిగలాడుతుంది. ఎక్కడ దొరుకుతుందని అడగకండి. బతుకమ్మ రోజుల్లో బజారులో రంగు వేయని గునుగు కట్ట కొన్నప్పుడు, పేర్చగా మిగిలిన వెన్నుల్ని పాత దినపత్రిక మీద నీడలో ఆరబెట్టండి. వారం తర్వాత దులిపితే ముదిరిన అడుగుభాగం నుంచి నల్ల గింజలు రాలుతాయి. ఒక్క వెన్నులో వచ్చే గింజలు వీధి మొత్తానికి పంచొచ్చు. కాగితం పొట్లం కట్టి, పేరు రాసి పోపులపెట్టెకు దూరంగా పెట్టండి. ఎందుకు చెప్తున్నానంటే మా ఇంట్లో ఒకసారి తిరగమోతలోకి వెళ్లిపోయాయి.

తొలకరి పడ్డాక, జూన్ చివర్లోనో జులై మొదట్లోనో చల్లుకోవాలి. గింజ మరీ చిన్నది కాబట్టి గుప్పెడు ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట కుప్పపడదు. పైన మట్టి కప్పొద్దు, చేత్తో అదిమితే చాలు. వారం పదిరోజుల్లో మొలకలు వస్తాయి. నాలుగాకులప్పుడు ఒత్తుగా ఉన్నవి ఏరేసి జానెడు దూరం ఉంచండి. ఏరినవి పారేయక్కర్లేదు, పప్పులోకి పనికొస్తాయి. కుండీ అయితే పన్నెండు అంగుళాల దాంట్లో మూడు మొక్కలు చాలు. ఎండ మాత్రం దండిగా కావాలి. పశువుల ఎరువు దట్టించారా, ఆకు ఏపుగా వచ్చి వెన్ను ఆలస్యమవుతుంది. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది. గారాబం చేస్తే చెడిపోయే మొక్క ఇది, దాని మానాన దాన్ని వదిలేస్తేనే ముద్దుగా పెరుగుతుంది. జానెడు ఎత్తులో తల తుంచితే నాలుగు కొమ్మలు వేసి నాలుగు వెన్నులు ఎత్తుతుంది. తోటకూరకి పట్టే ఆకుచుట్టు పురుగు దీనికీ పడుతుంది. ఆ ఆకుని తుంచి పారేయండి. మందు కొట్టి తేనెటీగల్ని పిలవడమంటే విస్తట్లో విషం వడ్డించడమే. కూరమొక్కల మీద వేపనూనె కొట్టాల్సి వచ్చినా పొద్దువాలాక, తేనెటీగలు ఇంటికి వెళ్లిపోయాక కొట్టండి.

గునుగు ఒక్కటే చాలదు, తోడు కావాలి. తుమ్మి ఉందిగా. వినాయక చవితినాడు తెలంగాణ ఇళ్లలో కూర వండుకునే తుమ్మి. ఆ తెల్లపువ్వు లాగి అడుగున తేనె చప్పరించని బాల్యం ఉంటుందా? పిడికెడు నువ్వులు, ధనియాలు చల్లినా పూస్తాయి. తులసి వెన్నుల్ని ఎప్పటికప్పుడు తుంచేయాలంటారు పెద్దలు, నిజమే, మొక్క గుబురుగా వస్తుంది. కానీ ఒక్క కొమ్మ వదిలేయండి, దాని మీద రోజంతా తిరునాళ్లే. పెరడు ఉన్నవాళ్లు ఓ మూల రెండడుగుల నేల సిమెంటు చేయకుండా, తవ్వకుండా వదిలేయండి. మనకు తెలిసిన తేనెపట్టు ఈగలు కొన్నే. గుంపు కట్టకుండా ఒంటరిగా బతికే రకాలే ఎక్కువ. వాటిలో చాలావరకు గూడు పెట్టుకునేది నేలలో బెజ్జం చేసుకునే. అరుగు నుంచి ప్రహరీ దాకా టైల్సు పరిచేసి తేనెటీగలు రావడం లేదంటే ఎలా?

కుడతాయేమో అని భయపడేవాళ్లున్నారు, పిల్లలున్న ఇల్లు కదా. పూల మీద తిరిగే తేనెటీగ తన పనిలో తానుంటుంది, పట్టుకుంటేనో నొక్కితేనో తప్ప కుట్టదు. మీద పడేది పట్టు జోలికి వెళ్లినప్పుడు. ఇంట్లో ఎవరికైనా ఈగ కుడితే ఒళ్లంతా దద్దురులు, ఊపిరాడకపోవడం లాంటివి ఉంటే మాత్రం వాళ్లు తిరిగే చోటికి దూరంగా పెట్టుకోండి.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. రైతుకి గునుగు కలుపే. జొన్న చేలో, మొక్కజొన్న చేలో దీనిని పీకలేక పీకే ఆడవాళ్ల నడుములు మనం చూసినవే. డాబా మీద నాలుగు కుండీలు పెట్టుకుని, చేను నిండా గునుగు ఉంచమని రైతుకి చెప్పడం నా ఉద్దేశం కాదు. విత్తనాలు తీసుకెళ్లి పక్కవాళ్ల చేలో చల్లకండి, పాపం తగులుతుంది. కానీ చేతితో కలుపు తీసే రోజుల్లో చేలోనిది పోయినా గట్టు మీదిది మిగిలేది. లేత ఆకు కూలికి వెళ్లిన ఆడమనిషి ఒడిలో ఇంటికి చేరేది. కలుపు మందు వచ్చాక చేను, గట్టు, బాట పక్క అన్నీ ఒక్క తడిలో మాడిపోతున్నాయి. దాంతోపాటు కలుపు కూలీ పోయింది, ఒడిలో కూరా పోయింది. ఈ లెక్క ఎవరూ వేయరు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు మాత్రం వేశారు. విత్తకుండా చేలో మొలిచే ఆకుకూరల్ని పేరుపేరునా గుర్తుపెట్టుకుని, ఇవి కలుపు కాదు మా కూరలు అని చాటారు. ఎక్కువమంది చదువు రాని దళిత మహిళలు. 2019లో ఆ సంస్థకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఇక పట్నాల సంగతి. శివారు పొలాలు వెంచర్లయ్యాయి. గునుగు మొలిచే బీడు మీద ఇప్పుడు నంబరు రాళ్లు మొలుస్తున్నాయి. బతుకమ్మని 2014లో రాష్ట్ర పండుగ చేసుకున్నాం, తంగేడుని రాష్ట్ర పుష్పం చేసుకున్నాం. సంతోషమే. మరి ఆ పూలు పుట్టే నేల మాటేమిటి? పండుగ రోజుల్లో కట్ట ఇంత అని బేరమాడి కొంటున్నాం. తెచ్చేవాళ్లు తెల్లవారుజామున లేచి ఎంత దూరం పోయి కోసుకొస్తున్నారో మనం అడగం. పైగా గునుగుకి ఆకుపచ్చ, నీలం, వంగపండు రంగులు ముంచి పేర్చే అలవాటు ఒకటి ఉంది. పాతదే, కాదనను, మా చిన్నప్పుడూ చేశాం. చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ బజారు రంగు డబ్బాలో ముంచిన గునుగు చివరికి చేరేది చెరువులోకి. దాని సొంత వెండి గులాబి రంగు ఒక్కసారి అలాగే పేర్చి చూడండి, పక్కన తంగేడు పసుపు పడితే ఇంకే రంగూ అక్కర్లేదనిపిస్తుంది.

మనం అచ్చంగా మనవి అనుకునే పూలన్నీ మనవి కావు. బంతి మెక్సికో నుంచి వచ్చింది. వాకిట్లో గడ్డిచామంతిదీ అటువైపే పుట్టిల్లు. వచ్చి మనలో కలిసిపోయాయి, ఈగలకి తిండి పెడుతున్నాయి, వాటి మీద నాకు కోపమేమీ లేదు. మిరపకాయా అక్కణ్నుంచే వచ్చింది, అది లేకుండా ఉండగలమా! కానీ కొనితెచ్చుకున్న బంతికి ముందు గుమ్మంలో కుండీ, అడక్కుండా వచ్చే గునుగుకి కొడవలి అంటే కొంచెం అన్యాయం కదూ. అపార్టుమెంట్లలో అయితే మరీను. సెల్లారు పక్క జాగాలో వానకి ఏది మొలిచినా తోటమాలిని పిలిచి 'క్లీన్' చేయించేస్తారు. ఈసారి అసోసియేషన్ మీటింగులో ఒక మూల గజం జాగా అడిగి చూడండి. ఎందుకంటే కాకరకాయల కోసం అనండి, ఎవరూ కాదనలేరు.

పూలు కోసుకునేప్పుడు మొత్తం కోసేయకండి. మొక్కకి రెండు వెన్నులు ఉంచితే కార్తీకం దాకా ఈగలకి సరిపోతుంది, వచ్చే ఏటికి గింజ మిగులుతుంది. గుమ్మడిపూలైతే మగవే కోయండి, గౌరమ్మకి ఆ ఒక్కటి చాలు. ఆడపూలు పిందెతో ఉంటాయి, చూడగానే తెలుస్తాయి. మగపూలు కూడా నాలుగైనా ఉంచాలి, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుంది కథ.

మా డాబా మీద మరుసటి ఏడు ఎనిమిది కుండీల్లో గునుగు, మూడు కుండీల్లో తుమ్మి వేశాను. ముద్దబంతులు తీసేసి ఒంటిరేకు బంతి పెట్టాను. ఫెర్నులు అలాగే ఉన్నాయి, అవి మా అత్తగారివి! కాకర కాసింది. అన్నీ గునుగు వల్లే అని నేను ఒట్టేసి చెప్పలేను, వానా బాగా పడింది. కానీ పూత మీద తేనెటీగల్ని నా కళ్లతో చూశాను, నాలుగిళ్లకి కాయలు పంచాను.

పోయిన పెత్రమాస నాడు, ఎంగిలిపూల బతుకమ్మ రోజు పొద్దున, ఆకుకూరలామె ఖాళీ గంపతో వచ్చింది. వాళ్ల ఊరి చెలకల్లో మందు కొట్టారట, గట్ల మీద కూడా గునుగు లేదట. ఇద్దరు కోడళ్లు, మనవరాలు ఎదురుచూస్తున్నారట. "నీ మిద్దె మీద ఉన్నయి గద, రెండు కట్టలిస్తవా అమ్మా?" అని అడిగింది. కత్తెర పట్టుకుని ఇద్దరం పైకి వెళ్లాం. తను కోస్తూ కోస్తూ ప్రతి మొక్కకీ రెండేసి వెన్నులు వదిలేసింది. గంప నిండాక, ముదిరిన వెన్ను ఒకటి అరచేతిలో నలిపి, గింజలు కొంగున ముడేసుకుని దిగి వెళ్లింది.